మన పేరున్న రాయి

(గవర్నర్‌పేటలో జరిగిన ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం. సంచిక కోసం అక్కడక్కడా సరిచేసి ఇస్తున్నాం.)



పాటలయ్యాయి, థింసా అయింది. ఇప్పుడు రాళ్ళ గురించి మాట్లాడతామంటే "ఇక్కడ కూడా క్లాసేనా మేడం" అని మీలో కొందరు గొణుక్కోవడం వినబడింది. క్లాసే. కాకపోతే పరీక్ష ఉండదు.

కూర్చున్న చోటి నుంచే మొదలు పెడదాం. ఈ గవర్నర్‌పేటలో పునాదికి గొయ్యి తీస్తే ఏం వస్తుంది? తాపీ పనికి వెళ్ళిన తమ్ముళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళనడగండి. బంక మట్టి, ఒండ్రు, ఇసుక. ఎంత తవ్వినా గడ్డపారకి రాయి తగలదు. మన కింద ఉన్నదంతా కృష్ణ మోసుకొచ్చి పోసిన నేల. ఆ నది మహాబలేశ్వరం దగ్గర పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి, దారిలో లావా గడ్డకట్టిన నల్లరాళ్ళను, గ్రానైట్లను, నల్లమల గట్టిరాళ్ళను, పల్నాటి నాపరాళ్ళను అరగదీసుకుంటూ వచ్చింది. ఆ అరుగుడంతా ఈ డెల్టా. వరి పండించేది ఆ రాళ్ళ పొడిలోనే.

కానీ సభ నుంచి బయటికెళ్ళి తల ఎత్తితే ఇంద్రకీలాద్రి కనిపిస్తుంది. ఇటు మొగల్రాజపురం కొండ, గుణదల కొండ. నది అవతల సీతానగరం, ఉండవల్లి కొండలు. రెండు వైపులా కొండలు ఒత్తుకుని నదిని ఇరుకు చేశాయి కాబట్టే 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట కట్టగలిగారు, 1957లో ప్రకాశం బ్యారేజీ కూడా అక్కడే వచ్చింది. చుట్టూ మెత్తటి మట్టి, మధ్యలో ఈ కొండలు. ఇవి ఏ రాయి? బెజవాడలో పుట్టి పెరిగిన వాళ్ళని అడగండి, నూటికి తొంభై మంది చెప్పలేరు. చెప్పే జవాబులో మన పేరుందని అంతకన్నా తెలియదు.

ఈ కొండల్లో ఎక్కువగా ఉన్న రాయి పేరు ఖోండలైటు. ఖోండు అంటే ఎవరు? మన కోదులే. ప్రభుత్వ తెగల జాబితాలో కోంధులు, కోది, కోదు, కువింగ అని రకరకాలుగా రాసి ఉంటుంది. పాడేరు వైపు సామంతులంటారు. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇప్పటి ఒడిశాలోని కలహండి సంస్థానం మీద పుస్తకం రాస్తూ, ఆ కొండల్లో తనకు ఎక్కడ చూసినా కనబడిన ఎర్రటి రాయికి అక్కడ నివసించే జనం పేరే పెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఏ దేశంలో భూగర్భశాస్త్రం చదివే విద్యార్థి అయినా ఈ మాట నేర్చుకోక తప్పదు. శ్రీలంకలో, కేరళలో అదే రకం రాయి దొరికితే దాన్నీ ఖోండలైటనే అంటారు. కోదులనే మనుషులున్నారని తెలియనివాడు కూడా వాళ్ళ పేరు పలుకుతాడు.

పక్కనే ఇంకో రాయి ఉంది, నల్లగా, కొంచెం పచ్చ జీరతో, నూనె రాసినట్టు నిగనిగలాడేది. దాని పేరు చార్నొకైటు. కలకత్తాలో స్థిరపడిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయిని చూసి 1893లో టి.హెచ్. హాలండ్ పెట్టిన పేరు అది. రాయేమో చెన్నపట్నం దగ్గర కొండలది, పేరు మాత్రం కలకత్తాలో సమాధిలో ఉన్నాయనది. బెజవాడ కొండల్లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికి కంపెనీ దొర పేరు, ఒకదానికి కొండ మనుషుల పేరు. రెండిటికీ పేరు పెట్టింది మాత్రం దొరలే. కోదుల్ని పిలిచి "మీరీ రాయిని ఏమంటారు" అని అడిగినట్టు ఎక్కడా కనబడదు.

ఇక్కడ సవర పిల్లలున్నారు, జాతాపు, కొండదొర, కోయ, యానాది పిల్లలున్నారు. "మా పేరు కాదు కదా మేడం" అనకండి. కాలేజీలో "కొండోళ్ళు" అన్నారని కళ్ళు తుడుచుకుంటూ మా గదికొచ్చే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్ళలో ఏ తెగ పిల్ల అని మేము లెక్క చూడం, అన్నవాడూ చూసి అనడు. ఇంకో మాట కూడా చెప్పాలి. కువి భాషకీ తెలుగుకీ ఉన్న చుట్టరికం, తెలుగుకీ తమిళానికీ ఉన్నదానికంటే దగ్గరిదని భాషాశాస్త్రవేత్తలు తేల్చారు. తెలుగు వాడు కోదు పిల్లని వెక్కిరిస్తే సొంత పినతల్లి కూతుర్ని వెక్కిరించినట్టే.

సరే, రాయి దగ్గరికి వద్దాం. ఈ రాయి మొదట రాయి కాదు. బురద.

మేము బి.ఎడ్. చదివే రోజుల్లో అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని చార్టు మీద మూడు గళ్ళు గీసి రంగులు వేసి మార్కులు తెచ్చుకున్నాం. మీరూ అలాగే చదివి ఉంటారు. ఆ చార్టులో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, రాళ్ళు మూడు కులాలుగా పుట్టి మూడు గళ్ళలో కూర్చున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఒకే పదార్థం ఆ గళ్ళన్నీ దాటుకుంటూ తిరుగుతుంది. ఖోండలైటు కథ చూడండి.

చాలా పాత కాలంలో, చెట్టూ జంతువూ ఇంకా లేని రోజుల్లో, ఏవో కొండలు అరిగాయి. ఇప్పుడు కృష్ణ చేస్తున్న పనే అప్పటి నదులు చేశాయి. బంక మట్టిని, ఇసుకని సముద్రంలో పోశాయి. పొర మీద పొర పడి, పై బరువుకి కింది పొర గట్టిపడి మట్టిరాయి అయింది. అది అవక్షేప శిల. అక్కడితో ఆగలేదు. భూమి పైపెంకు పలకలు పలకలుగా కదులుతుంది కదా, రెండు భూఖండాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. గుడ్డ రెండు వైపుల నుంచి నెడితే ఎలా మడతలు పడుతుందో అలా ఈ మట్టిరాయి మడతలు పడి, ఇరవై, ముప్పై కిలోమీటర్ల లోతుకి దిగిపోయింది. అక్కడ వేడి 900 డిగ్రీలు దాటింది.

900 డిగ్రీలంటే ఎంతో అనుకోకండి, అది కుమ్మరి ఆవం వేడికి దగ్గర. ఆవంలో ఏం జరుగుతుంది? పచ్చి కుండ నీళ్ళలో వేస్తే కరిగి మళ్ళీ మట్టవుతుంది. కాలిన కుండ పగులుతుందే తప్ప మట్టవ్వదు. కరిగి పోసినది కాదది, ఉన్నచోటే మారిపోయింది. లోపలి నీరు ఆవిరై పోయింది, మట్టి కణాలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. రూపాంతర శిల అంటే ఇదే. తేడా ఏమిటంటే కుండ మీద కొన్ని పెంకులు, పిడకలు ఉంటాయి. ఆ బురద మీద పాతిక కిలోమీటర్ల రాయి ఉంది. కుండ ఒక రాత్రిలో కాలుతుంది. ఆ బురద లక్షల ఏళ్ళు కాలింది. అంత వేడిలో, అంత బరువు కింద, బురదలో ఉన్న సరుకంతా కొత్త జంటలు కట్టింది. బంకమట్టిలో అల్యూమినియం బాగా ఉంటుంది. అది ఇనుముతో కలిసి గార్నెట్ అనే ఎర్ర గింజలయింది. మిగిలింది సిలిమనైట్ అనే సన్నటి తెల్ల సూదులయింది. ఇసుక పలుగురాయిగా నిలిచింది. ఆ బురదలో కలిసిన సూక్ష్మజీవుల మిగులు బొగ్గు, గ్రాఫైట్ పొలుసులయింది. మీ పెన్సిల్ ముల్లు ఉందే, అదే సరుకు.

ఇంద్రకీలాద్రి చుట్టూ తిరిగే దారిలో విరిగిన రాయి చేతికొస్తే ఎండలో పెట్టి చూడండి. దానిమ్మ గింజల్లాంటి ఎర్ర చుక్కలు కనిపిస్తే అవి గార్నెట్లు. కొత్తగా వచ్చిన పిల్లలకు మేము ముందు చూపించేది అదే.

ఇదెప్పుడు జరిగింది? బెజవాడ, కొండపల్లి వైపు కొండలు కాలింది సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట. మీ అరకు, పాడేరు కొండలు కాలింది సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట. చూడడానికి ఒకే వరస తూర్పు కనుమలు, వయసులో మాత్రం బెజవాడ పెద్దక్క. అరకు కొండలకి తోడబుట్టిన ముక్క ఒకటి ఇప్పుడు అంటార్కిటికాలో మంచు కింద ఉంది. అప్పట్లో రెండూ అతుక్కుని ఉండేవి, తర్వాత సముద్రం తెరుచుకుని విడిపోయాయి. మన ఊరి రాయికి చుట్టాలు దక్షిణ ధ్రువంలో ఉన్నారన్నమాట. సెలవులకి వెళ్ళిరావడానికి మాత్రం బస్సు లేదు.

అంత లోతులో ఉన్నది పైకెలా వచ్చింది? పైనున్న పాతిక కిలోమీటర్లూ వానకి, గాలికి అరిగిపోయింది. బరువు తగ్గేకొద్దీ కిందిది పైకి లేచింది. మన కాళ్ళ కింద ఉన్నది కొండ శిఖరం అనుకుంటాం. అది ఒకప్పటి కొండల అడుగు.

ఇక్కడి నుంచి మనకి అసలు పని మొదలవుతుంది. పైకొచ్చిన రాయి మళ్ళీ మారడం మొదలు పెడుతుంది. అంత లోతులో, అంత వేడిలో కుదురుగా ఉన్న రాయికి మన వానలు, మన ఎండలు పడవు. గార్నెట్‌లో ఇనుము తుప్పు పడుతుంది. ఏజెన్సీలో మన నేల ఎర్రగా ఉండేది ఆ తుప్పుకే. రాయిలో ఉన్న ఫెల్డ్‌స్పార్ అనే తెల్ల ఖనిజం మెత్తబడి సుద్ద అవుతుంది. పుస్తకంలో దీన్ని శిలాశైథిల్యం అంటారు, పిల్లలకి నోరు తిరగదు. కొండ కుళ్ళిందని మన ముసలాళ్ళు అనేమాట దానికంటే సులువు. కోణార్క్ సూర్య దేవాలయం 13వ శతాబ్దంలో ఈ ఖోండలైటుతోనే కట్టారు. ఏడెనిమిది వందల ఏళ్ళలో, సముద్రపు గాలికి, ఎన్నో బొమ్మల ముఖాలు అరిగిపోయాయి. చెక్కడానికి వీలైన రాయి, నిలవడంలో మాత్రం చార్నొకైటంత మొండిది కాదు.

గుడికే అలా అయితే ఇళ్ళ మాటేమిటి? 2024 ఆగస్టు 31న ఈ నగరంలో కుండపోత వాన. బుడమేరు వరద అందరికీ గుర్తుంది, టీవీలో అదే చూపించారు. అదే రోజు మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడింది, నిద్రలేచి పనికి వెళ్ళాల్సిన మనుషులు చనిపోయారు. అంతకుముందు 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద కూడా చరియ జారింది.

ఇది దైవం చేసిందని ఊరుకోకండి. ఖోండలైటులో పొరలుంటాయి, పొరలకి అడ్డంగా నెర్రెలుంటాయి. వాన నీరు నెర్రెలోకి దిగుతుంది. లోపల సుద్ద నాని జారుడుగా మారుతుంది. చెట్టు వేరు నెర్రెని ఇంకా తెరుస్తుంది. అదే సమయంలో ఇల్లు కట్టుకోవడానికి కొండ పాదాన్ని నిలువుగా తొలిచేస్తే, పైరాయికి ఆసరా పోతుంది. అంతే. ఎందుకు తొలుస్తారు? ఈ నగరంలో చదును నేల కొనగలిగినవాళ్ళు గవర్నర్‌పేటలో, బెంజి సర్కిల్ దగ్గర ఉంటారు. కూలి పనికి వచ్చినవాళ్ళు కొండ వాలుకి ఎక్కుతారు. మన ఊళ్ళ నుంచి పనికి వచ్చిన కుటుంబాలూ కొన్ని ఆ మెట్ల మీదే అద్దెకుంటున్నాయి. మన వాళ్ళకి కొండంటే భయం లేదు, అది మంచిదే. కానీ మన ఊళ్ళో కొండని నిలువుగా కోసి దాని కింద పడుకోం. వాలు చూసి, నీటి దారి వదిలి ఇల్లు వేస్తాం. ఆ తెలివి నగరంలో అద్దె తక్కువని వదిలేయొద్దు.

కాబట్టి కొండ వాలులో ఉండే ప్రతి కుటుంబంలో చదువుకున్న పిల్లలు ఒకరు ఇది చూడాలి. ఇంటి వెనక రాతిలో కొత్త నెర్రె పడిందా? పాత నెర్రె వెడల్పయిందా? సుద్దతో నెర్రె మీద గీత గీసి తారీకు వేయండి, నెల తర్వాత తెలుస్తుంది. ఎప్పుడూ తేటగా కారే నీరు ఉన్నట్టుండి బురదగా వస్తోందా? కరెంటు స్తంభమో చెట్టో వాలుకి ఒరిగిందా? చిన్న రాళ్ళు రాలుతున్నాయా? పెద్ద రాయి చాలాసార్లు చిన్న రాళ్ళని ముందు పంపిస్తుంది. రెండు రోజులు విడవకుండా వాన పడితే సామాన్ల సంగతి వదిలేసి ముసలాళ్ళని, పిల్లల్ని తీసుకుని కిందికి వచ్చేయండి. మా హాస్టల్ వరండా ఉంది. అనుమతి కాగితం సంగతి తర్వాత చూసుకుందాం.

ఇప్పుడు మన కొండల మీదికి వెళ్దాం. కొండ కుళ్ళడం వాలులో ఒకలా ఉంటుంది, కొండ నెత్తిన చదునుగా ఉన్నచోట ఇంకోలా ఉంటుంది. చదునులో వాన నీరు పారిపోదు, ఇంకుతుంది. లక్షల ఏళ్ళు అలా ఇంకుతూ రాయిలో కరిగేదంతా కడిగేస్తుంది. కరగనిది మిగులుతుంది. ఏమిటది? ఇందాక బురదలో చెప్పుకున్న అల్యూమినియం. ఖోండలైటు అలా మారి మిగిలిన గుల్ల రాయే బాక్సైట్. పాత సముద్రపు బురదలో ఉన్న సరుకు సిలిమనైట్ సూదుల్లోకి, గార్నెట్ గింజల్లోకి పోయి, మళ్ళీ కొండ నెత్తిన బాక్సైట్‌గా తేలింది. దాన్ని కరిగించి సాగదీస్తే మా హాస్టల్ వంటగదిలో పప్పు ఉడికే సత్తు డేగిసా. రోజూ గరిటె తగిలే ఆ గిన్నె వయసు వంద కోట్ల ఏళ్ళకి పైమాటే.

అందుకే ఆ కొండల మీద అందరి కళ్ళూ. ఆ గుల్లరాయి చేసే ఇంకో పని మాత్రం లెక్కల్లో కనబడదు. దాని నిండా చిల్లులు. వర్షాకాలంలో నీరు పీల్చుకుని, ఎండాకాలంలో కొండ అంచు నుంచి ఊటగా వదులుతుంది. మీ ఊరి గెడ్డ ఏప్రిల్‌లో కూడా సన్నగా పారుతుంటే దాని వెనక ఆ కొండ నెత్తి ఉండొచ్చు. ఆ టోపీ తీస్తే మళ్ళీ తయారవడానికి లక్షల ఏళ్ళు కావాలి. ఏ కంపెనీ ఒప్పందంలోనూ అంత గడువు రాయరు.

ఈ విషయంలో రెండు తారీకులు నోటుబుక్కులో రాసుకోండి. 1997 జులై 11, సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని కోర్టు చెప్పింది. రెండోది 2013 ఏప్రిల్ 18. ఒడిశాలో నియమగిరి కొండ మీది బాక్సైట్ విషయంలో గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాది వర్షాకాలంలో 12 ఊళ్ళలో సభలు జరిగాయి. 12 ఊళ్ళూ వద్దన్నాయి. ఆ కొండ డోంగ్రియా కోదులది. అది రాయగడ, కలహండి జిల్లాల్లో ఉంది. వాకర్ దొర 1902లో రాయికి పేరు పెట్టింది ఆ కలహండిలోనే. అప్పుడు అడగనివాళ్ళని 111 ఏళ్ళకి అడగాల్సి వచ్చింది. అడిగితే వాళ్ళు తడుముకోకుండా చెప్పారు.

గనులే వద్దని మేము అనడం లేదు. సత్తు గిన్నె వాడుతూ ఆ మాట అంటే మీరే నవ్వుతారు. మేము అనేది ఇంతే. గ్రామసభలో మ్యాపు పరిచి "ఇక్కడ ఇంత మందం, అక్కడ అంత లోతు" అని ఇంజనీరు ఇంగ్లీషులో చెబుతుంటే, మన వైపు నుంచి "నీటి ఊటలు ఈ మ్యాపులో ఎక్కడ గుర్తు పెట్టారండి" అని అడిగేవాళ్ళు ఒకరైనా ఉండాలి. ఆ ప్రశ్న అడగాలంటే రాయి చదవడం రావాలి. పోడు చేసిన మీ తాతకి ఏ మట్టి కింద ఏ రాయి ఉంటుందో తెలుసు, ఏ రాయి పక్కన ఊట ఉంటుందో తెలుసు. మీకు పుస్తకం తెలుసు. ఈ రెండూ ఒక మనిషిలో కలవాలని మా ఆశ.

ఇంటర్ సైన్సు చదువుతున్నవాళ్ళంతా నర్సింగ్, డి.ఎడ్., పోలీసు కానిస్టేబుల్, ఈ మూడే చూస్తున్నారు. తప్పు లేదు, మేమూ ఆ దారినే వచ్చాం. కానీ భూగర్భశాస్త్రం అని ఒక డిగ్రీ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చెబుతారు. తర్వాత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరడానికి యూపీఎస్సీ పరీక్ష పెడుతుంది, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. కొండలెక్కడం, అడవిలో నడవడం, వాగు దాటడం ఆ ఉద్యోగంలో సగం పని. పట్నం పిల్లలకి అది శిక్షణ ఇచ్చి నేర్పాలి.

ఇక పని మాట. మా హాస్టల్ స్టడీ హాల్లో కిటికీ పక్కన ఒక అల్మరా ఖాళీ చేశాం. సీతంపేట నుంచి, చింతూరు నుంచి, హుకుంపేట నుంచి పిల్లలు తెచ్చిన రాళ్ళు ఇప్పటికి కొన్ని చేరాయి. దసరా సెలవులకి వెళ్ళేవాళ్ళు తలా ఒక రాయి తీసుకురండి. ఊరి పేరు, కొండ పేరు, మీ భాషలో ఆ రాయిని ఏమంటారో కాగితం మీద రాసి దారంతో కట్టండి. పేరు అమ్మమ్మనో తాతనో అడిగి రాయండి, సొంతంగా పెట్టొద్దు. ఊరి దేవత దగ్గరి రాయి, పెద్దల పేర నిలబెట్టిన రాయి, పొలం గట్టు రాయి ముట్టుకోవద్దు. వాగులో దొరికిన పిడికెడు రాయి చాలు, రాత్రంతా బస్సులో ఒళ్ళో పెట్టుకుని రావాలి కదా.